మన సీమలో మన్రోలప్ప

రాయలసీమలో ఒకప్పుడు మగబిడ్డ పుడితే ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకున్న కుటుంబాలుండేవి. కులదైవం పేరో, తాతగారి పేరో పెట్టుకునే గడ్డమీద ఒక పరదేశి పేరుకు ‘అప్ప’ చేర్చి బిడ్డను పిలుచుకోవడం సామాన్య విషయం కాదు. కడప ప్రాంతంలోనైతే ఆయనను మాండవ్య మహర్షి అవతారంగానే భావించి పదాలు కట్టి పాడారని ప్రతీతి. ఆ పరదేశి సర్ థామస్ మన్రో.

ఆయన 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. క్లైడ్ నది ఒడ్డున ఉన్న ఆ నగరంలో ఏడాది పొడుగునా వానలే. తండ్రి అలెగ్జాండర్ అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివిన కుమారుడు పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటవలసి వచ్చింది. 1780లో సైనిక శిక్షణార్థిగా చెన్నపట్టణంలో అడుగుపెట్టి, హైదరాలీతో జరిగిన యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ కాలంలో ఇల్లు గడవక తూర్పు దేశాలకు ఓడ ఎక్కిన స్కాట్లాండు యువకులు ఎందరో. మన స్థల పురాణాలను, గ్రామ చరిత్రలను కైఫీయతులుగా సేకరింపజేసిన కర్నల్ కాలిన్ మెకంజీ సైతం ఆ దేశపు లూయిస్ ద్వీపంవాడే.

1800లో నిజాం ప్రభువు బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కుంఫిణీకి దత్తం చేశాడు. వానల దేశంలో పుట్టిన మన్రో, వాన కోసం మొగం వాచిన ఈ దత్త మండలానికి ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. అనంతపురం ఆయనకు ముఖ్య స్థానం. కానీ ఏడేళ్ళలో అధిక కాలం డేరాలలోనే గడిపాడు. ఊరూరా డేరా వేయించి, రైతులతో నేరుగా మాట్లాడి, పొలాలను కొలిపించాడు. పాలెగాళ్ళను అణచడంలో కఠినంగా వ్యవహరించాడన్నదీ చరిత్రే.

ఇక్కడే భక్తలోకం ఎరిగిన మంత్రాలయ వృత్తాంతం వస్తుంది. శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో సజీవ సమాధి స్వీకరించిన మంచాల గ్రామం మఠానికి మాన్యంగా లభించినది. దానిని సమర్పించినవాడు ఆదవాని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని చెబుతారు. కుంఫిణీ ప్రభుత్వం మాన్యాలన్నిటినీ విచారిస్తున్న రోజులలో మన్రో ఆ మఠానికి వచ్చాడట. టోపీ, పాదరక్షలు తీసి లోపలికి వెళ్ళి, బృందావనం ఎదుట నిలిచి ఎవరితోనో మాట్లాడసాగాడట. వెంట ఉన్నవారికి ఎవరూ కనబడలేదు, ఏ మాటా వినబడలేదు. స్వామివారే ఆయనకు దర్శనమిచ్చి మాన్యం సంగతి వివరించారనీ, మంత్రాక్షతలు అనుగ్రహించారనీ, మంచాల మఠానికే నిలిచిందనీ ఐతిహ్యం.

తిరుమలలోనూ ఆయన పేరు నిలిచింది. స్వామివారి పొంగలి ప్రసాదం స్వీకరించాక ఉదర వ్యాధి నెమ్మదించిందనీ, ఆ కృతజ్ఞతతో నిత్య నైవేద్యానికి చిత్తూరు ప్రాంతపు కోటవాయలు గ్రామ ఆదాయం ఏర్పాటు చేశాడనీ చెబుతారు. ఆ నైవేద్యపు పాత్రకు ‘మన్రో గంగాళం’ అని పేరు.

ఈ కథలను మహిమలుగా మాత్రమే విని వదిలేస్తామేమో. ఒక్క క్షణం ఆగి చూస్తే రెండింటిలోనూ ఒక ఊరు ఉంది, ఆ ఊరి పంట ఉంది. మంత్రాలయంలో మాన్యం, తిరుమలలో గ్రామాదాయం. నేల విలువ తెలిసిన సీమ ప్రజ ఒక మనిషిని తలచుకునేటప్పుడు, ఆయన మన నేలను ఏం చేశాడన్నదే ముందు చూస్తుంది.

మరి రైతు నేల సంగతి? నిజం చెప్పుకోవాలి. మన్రో హయాంలో నిర్ణయమైన శిస్తు ఈ మెట్ట భూములకు భారమే. 1803లో వానలు ముఖం చాటేశాయి. మరుసటి ఏడు వచ్చిన వరదలకు చెరువులు తెగాయి. 1807లో స్వదేశానికి వెళ్ళబోతూ ఆయన పై అధికారులకు నివేదిక వ్రాశాడు. శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలనీ, చెరువుల కింద, బావుల కింద సాగయ్యే భూములకు ఇంకా తగ్గించాలనీ కోరాడు. తన చేతిమీదుగా జరిగిన నిర్ణయమే ఎక్కువైందని ఒప్పుకోవడం ఏ అధికారికైనా తేలిక కాదు. ఆ మాట అప్పుడు చెల్లలేదు. పైగా రైతువారీ పద్ధతినే పక్కనబెట్టి ఊళ్ళను గుత్తకిచ్చారు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక రైతువారీ మళ్ళీ అమలైంది, తగ్గింపూ దక్కింది. నడుమ పదమూడేళ్ళు గడిచాయి. ఆ పదమూడేళ్ళలో గుత్త భారానికి చితికిన రైతులకు ఆ తగ్గింపు ఆలస్యంగా వచ్చిన వానవంటిదే.

1827 నాటికి ఆయనకు ఇంటి ధ్యాస పట్టుకుంది. బిడ్డ అనారోగ్యం వలన భార్య జేన్ అంతకు ముందు సంవత్సరమే ఓడ ఎక్కింది. ఆయన మాత్రం దత్త మండలాన్ని కడసారి చూచి పోదామని బయలుదేరాడు. కడప సీమలో పాపఘ్ని నది కొండలను చీల్చుకుని పారే గండి క్షేత్రంలో, శ్రీరామచంద్రుని రాక కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందని నమ్మకం. అది అందరికీ కనబడదు. కనబడినవారికి అంత్యకాలం సమీపించినట్లే. మన్రో గండిలో తల పైకెత్తి, ఆ తోరణం ఏమిటని అడిగాడట. పక్కనున్నవారు మౌనం వహించారట.

1827 జూలై 6న, నేటి కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా సోకి ఆయన మరణించాడు. భౌతికకాయాన్ని గుత్తికి తెచ్చి, కోట కింద ఖననం చేశారు. 1831లో అస్థికలను చెన్నపట్టణం సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు. గుత్తిలో ఆయన పేర సత్రం వెలసింది. పత్తికొండలో, ఆయన కన్నుమూసిన చోట, రాతి మెట్లతో బావి త్రవ్వించి చుట్టూ చింతతోపు నాటించారు, ఎండన పడి వచ్చిన బాటసారి నీళ్ళు తాగి, ఇంత నీడన కూర్చునేందుకు.