పొట్టేలు పిల్లలను కట్టి మేపుట: శుద్ధజాతి మేలా, సంకరము మేలా?

కోఠికి కొలది దూరమున, మూసీ యొడ్డున గల జియాగూడ మండికి జీవములను తోలు రైతు సోదరులకు ఒక సందేహము కలుగుట సహజము. పిల్లలను పాకలో కట్టి మూడు మాసములు మేపి అమ్మినచో, దక్కని శుద్ధజాతి పిల్ల లాభకరమా, నెల్లూరు పొట్టేలుకు పుట్టిన సంకరపు పిల్ల లాభకరమా?

2017 జూన్ మాసమున తెలంగాణ ప్రభుత్వము గొఱ్ఱెల పెంపకందార్ల సహకార సంఘముల సభ్యులకు 75 శాతము సబ్సిడీపై 20 గొఱ్ఱెలను, 1 పొట్టేలును ఇచ్చు పథకమును ప్రారంభించెను. ఆ జీవములలో పెక్కు పొరుగు రాష్ట్రముల నుండి వచ్చినవి. 2019 పశుగణనము నాటికి రాష్ట్రమున గొఱ్ఱెలు 1.9 కోట్లకు చేరెను. మందలు పెరిగినవి, జాతులును కలిసిపోవుచున్నవి.

దక్కని గొఱ్ఱె నల్లనిది, ఉన్ని గలది; ఎండకు, దూరపు నడకకు, కొఱత మేతకు తాళును. మన గొంగడికి ఆధారము ఇదియే. నెల్లూరు గొఱ్ఱె దేశమున మిక్కిలి ఎత్తైన జాతి. దానికి ఉన్ని లేదు, వెండ్రుకలే కలవు. కావున సంకరపు పిల్ల మేత సమృద్ధిగా నున్నచోట త్వరగా ఎదుగును; కాని దాని బొచ్చు గొంగడికి పనికిరాదు.

ఇక లెక్క చూతము. ఈ అంకెలు ఉదాహరణము కొఱకే. సభ్యులు తమ ఊరి ధరలను వేసికొనవలెను. రెండు పిల్లలును 15 కిలోలవే అనుకొందము. శుద్ధజాతి పిల్ల దినమునకు 800 గ్రాముల మేత తిని 100 గ్రాములు పెరిగినచో, 90 దినములలో పెరుగుదల 9 కిలోలు, మేత 72 కిలోలు. సంకరపు పిల్ల ఒక కిలో తిని 120 గ్రాములు పెరిగినచో, పెరుగుదల 10.8 కిలోలు, మేత 90 కిలోలు. మేత కిలో 25, సజీవపు తూకము కిలో 400 రూపాయలైనచో, మేత ఖర్చు పోను మొదటిదానిపై 1,800, రెండవదానిపై 2,070 రూపాయలు మిగులును. భేదము 270 మాత్రమే. సంకరపు పిల్లను అంతకు మించిన హెచ్చు ధరకు కొన్నచో లాభము తలక్రిందగును. ఇంట పుట్టినదైనచో ఆ మిగులు మనదే.

మఱియొక మాట. 6,000 రూపాయల పిల్ల ఒక్కటి చచ్చినచో, మూడు పిల్లల లాభమును మ్రింగును. మొక్కజొన్న, వేరుసెనగ చెక్క ఒక్కసారిగా పెట్టిన పిల్లకు చిటుకు రోగము వచ్చు భయము కలదు. ముందుగా టీకా వేయించి, దాణాను రెండు వారములలో క్రమముగా పెంచవలెను. కందిపొట్టు వంటి ముతక మేతను మానరాదు. పదునైదు దినముల కొకసారి తూచవలెను. పెరుగుదల తగ్గిన పిల్లను వెంటనే అమ్మవలెను.

కాబట్టి మా సలహా యిది: మందలో కొన్ని గొఱ్ఱెలకు నెల్లూరు పొట్టేలును దాటించి, పుట్టిన పిల్లలనెల్ల మేపి అమ్ముడు. తక్కిన వానిని దక్కని పొట్టేలుతోనే దాటించి, మందకు కావలసిన ఆడుపిల్లలను అందుండియే నిలుపుకొనుడు. సంకరపు పొట్టేలును విత్తనమునకు ఉంచకుడు. కరవు వచ్చిన యేట మందను నిలుపునది ఆ నల్లగొఱ్ఱెయే. ఇక తూకపు కాటాను సభ్యులెల్లరు కలిసి సంఘము పేర ఒక్కటి కొనుట మేలు. కాటా లేని లాభము ఊహయే కదా.