మీకు తెలుసా? తార్నాక మెట్రోకు ముందే ఒక ఒప్పందం రద్దయింది!

ఉస్మానియా క్యాంపస్ నుంచి తార్నాకకు వచ్చి మెట్రో ఎక్కే విద్యార్థులకు ఈ రైలు 2017 నవంబరు నుంచే తెలుసు. ఇక్కడ ఒక్క స్తంభమైనా లేవకముందే హైదరాబాద్ మెట్రోకు ఒకసారి టెండరు ఖరారై, సంతకాలు కూడా అయ్యి, అంతా రద్దయిందని మీకు తెలుసా?

2008లో ఆ టెండరు మైటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వంలోని కన్సార్షియానికి దక్కింది. మైటాస్ అంటే సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబ సంస్థే. ప్రాజెక్టు వ్యయం 12,132 కోట్ల రూపాయలు. సర్కారు సాయం పైసా అక్కర్లేదని, పైపెచ్చు 35 ఏళ్లలో తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు చెల్లిస్తామని బిడ్డు వేశారు! లోకంలో చాలా మెట్రోలకు టికెట్ల డబ్బుతో కట్టిన ఖర్చే తిరిగి రాదు. కొసరు మరీ ఎక్కువ వేసే కొట్లో తూకంరాళ్లు చూసుకోవాలి కదా.

చూసినవారు ఒకరున్నారు. ఢిల్లీ మెట్రో కట్టించిన ఇంజినీరు ఇ. శ్రీధరన్. ప్రైవేటు సంస్థకు మెట్రోతోపాటు వందల ఎకరాల విలువైన భూమిని వ్యాపారానికి అప్పగించడం సరికాదని, అసలు కన్ను రియల్ ఎస్టేట్ మీదేనని, రేపు ఇది పెద్ద కుంభకోణం కావచ్చని 2008 సెప్టెంబరులో ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసిందంటే, క్షమాపణ చెప్పకపోతే పరువునష్టం దావా వేస్తామంది! హెచ్చరించినవాడినే బోనెక్కిస్తామనడం మన దగ్గర కొత్తేమీ కాదు.

2009 జనవరి 7న సత్యం లెక్కల్లో మోసం చేసినట్టు రామలింగరాజు స్వయంగా ఒప్పుకున్నారు. దాంతో మైటాస్‌కు అప్పు పుట్టలేదు. అక్కరకొచ్చింది ఒప్పందంలోని ఒక చప్పిడి నిబంధన: గడువులోగా ఫైనాన్షియల్ క్లోజర్ కావాలి, అంటే బ్యాంకుల రుణం సహా నిధులన్నీ ఖాయమైనట్టు కాగితాలు చూపాలి. చూపలేకపోయారు. 2009 జులైలో ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దుచేసి ధరావతు జప్తు చేసుకుంది. ఆ మెలిక లేకపోతే భూములు ఏమయ్యేవో!

2010లో మళ్లీ టెండరు పిలిస్తే ఎల్ అండ్ టీ గెలిచింది. ఈసారి ఎదురిచ్చే మాట లేదు, 1,458 కోట్లు సర్కారే ఇవ్వాలంది. అందరిలోకీ తక్కువ అడిగింది వాళ్లే. ఆ సొమ్ముకు వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అని పేరు. దీనికీ కాపలా ఉంది. కంపెనీ ముందు తన వాటా పెట్టుబడిని ఖర్చుపెట్టాలి, ఆ తరవాతే బ్యాంకు రుణం విడుదలయ్యేకొద్దీ అదే నిష్పత్తిలో సర్కారు డబ్బు కదులుతుంది. పని తీరు చూడ్డానికి లూయీ బెర్జర్ అనే సంస్థను ఇండిపెండెంట్ ఇంజినీరుగా పెట్టారు.

ఇలాంటి ఒప్పందాల గురించి సమాచార హక్కు చట్టం కింద మామూలు పౌరుడూ అడగొచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఈసారి మీ పేటలో పెద్ద ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగితే, ఒప్పందం నకలు, ఇండిపెండెంట్ ఇంజినీరు నివేదికలు ఇమ్మని ఓ దరఖాస్తు పెట్టి చూడండి.