కలుపు నేలపై వేసవి ఆకుకూరలు

వైశాఖ జ్యేష్ఠ మాసములలో రాయ్‌పూర్ నగరమున ఎండ 40 డిగ్రీల సెల్సియసును మించుట సాధారణము. అంగడిలోని ఆకుకూర మధ్యాహ్నమునకే వాడిపోవును. గృహిణులు దానిని కొనుట మానివేయుటయు కలదు. అది మంచిది కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమునందు 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతమునకు రక్తహీనత కలదు. ఆకుకూరలు ఇనుమును, ఫోలిక్ ఆమ్లమును, దేహమున విటమిన్ ఎ గా మారు కెరోటినును సమకూర్చును. కావున పెరటిలో నేల యున్నవారు, అది కలుపుతో నిండియున్నదని విడువరాదు.

అయితే కలుపు త్రవ్విన దినముననే విత్తుట పొరపాటు. త్రవ్వినపుడు అడుగునున్న కలుపు గింజలు పైకి వచ్చి, తడి తగులగనే మొలచును. తోటకూర గింజ ఆవగింజకన్నను చిన్నది. దాని లేతమొలక ఆ గుంపులో నిలువజాలదు.

ముందుగా పలుగుతో నేలను లోతుగా పెల్లగించి, గరిక వేళ్ళను, తుంగ గడ్డలను ఏరి ఎండలో పడవేయవలెను. ఈ పనికి మే నెల ఎండ మనకు శత్రువు కాదు, కూలి యడుగని పనివాడు. తుంగను పైపైన కోసిన ప్రయోజనము లేదు. గడ్డనుండి మరల చిగురించును. వయ్యారిభామను మాత్రము వట్టి చేతులతో తాకరాదు; చర్మమున దద్దురులు, కొందరికి ఉబ్బసము కలుగును. పూయకమునుపే దానిని పెరికివేయవలెను. గంగవావిలి కనబడినచో పారవేయనక్కరలేదు; అదియు పప్పులో వండదగిన కూరయే.

పిమ్మట బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపి, మడిని తడిపి, పది దినములు వేచియుండవలెను. మాగని ఎరువు క్రొత్త కలుపు గింజలను తెచ్చును. మొలచిన కలుపును దోకుడుపారతో పైపైన గీచివేయవలెను. మరల లోతుగా త్రవ్వరాదు. అప్పుడు చిటికెడు గింజలను పదింతల ఇసుకతో కలిపి చల్లి, సన్నని మన్ను కప్పి, వరిగడ్డి పరచవలెను. మొలకెత్తిన సాయంకాలమే గడ్డిని తీసివేయవలెను. వేసవికి తోటకూర, గోంగూర, బచ్చలి అనుకూలములు. పాలకూరకు, మెంతికూరకు ఈ ఎండ సరిపడదు. ఛత్తీస్‌గఢ్ ప్రజలు ఎర్ర తోటకూరను లాల్ భాజీ యనియు, గోంగూరను అమారీ భాజీ యనియు పిలుతురు; విత్తనము అడుగునపుడు ఆ పేర్లు ఉపకరించును. ఉదయమున, సాయంకాలమున నీరు పోసిన 25-30 దినములకు తోటకూర కోతకు వచ్చును.

మడికి మురుగునీరు కట్టరాదు. అందు నులిపురుగుల గ్రుడ్లుండును. చెప్పులు లేక మలినమైన తడిమట్టిలో నడచువారి పాదములగుండ కొంకిపురుగు దేహమును చొచ్చి, ప్రేగులలో రక్తమును పీల్చును. రక్తవృద్ధికై పెంచు తోటయే రక్తహీనతను తెచ్చుట ఎంత విపరీతము!

ఆకులను తరుగక మునుపే పలుమారులు కడిగి, కొద్ది నీటిలో వండి, దించిన పిదప నిమ్మరసము పిండవలెను. ఆకులోని ఇనుము దేహమునకు స్వల్పముగనే పట్టును. నిమ్మలోని విటమిన్ సి దానిని హెచ్చించును. గర్భిణులు ఆకుకూర తినుచున్నామని, ఆరోగ్య కార్యకర్త యిచ్చు ఐరన్ మాత్రలను మానరాదు.