ఏ భాషకు ఏ ఫాంటు? మన కాగితాల కోసం ఒక పట్టిక

మన సొసైటీ నుంచి ఏడాది పొడవునా వెలువడే కాగితాలను ఒకసారి గుర్తు చేసుకోండి. జకాత్ రసీదులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఇఫ్తార్ ఆహ్వానపత్రాలు, వార్షిక నివేదిక. వీటిలో చాలావాటిపై తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పక్కపక్కనే ఉంటాయి. పైన బిస్మిల్లాహ్ అరబీలో ఉంటుంది. అంటే ఒకే పేజీలో నాలుగు భాషలు, మూడు లిపులు. టైపు చేయడానికి కూర్చున్నవారికి అక్కడే చిక్కు మొదలవుతుంది: ఏ భాషకు ఏ ఫాంటు వాడాలి?

వర్డ్‌లోనైనా, లిబ్రె ఆఫీస్‌లోనైనా ఫాంట్ల జాబితా ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటుంది. బడిలో హాజరు పట్టీ చూస్తే పిల్లవాడి పేరు దొరుకుతుంది గాని, అతనిది తెలుగు మీడియమో, ఉర్దూ మీడియమో తెలియదు. ఫాంట్ల జాబితా కూడా అంతే. పేరు చెబుతుంది, ఆ ఫాంటుకు ఏ భాష వచ్చో చెప్పదు.

భాష రాని ఫాంటును ఎంచుకుంటే రెండింటిలో ఒకటి జరుగుతుంది. అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తాయి, లేదా కంప్యూటరే మనకు చెప్పకుండా వేరే ఫాంటు నుంచి అక్షరాలు తెచ్చి పెడుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. మన దగ్గర బాగున్న పేజీ ప్రెస్సు కంప్యూటర్‌లో మరో రూపంలో తెరుచుకుంటుంది.

ఇక్కడ లిపి వేరు, భాష వేరు అని గుర్తుంచుకోవాలి. అరబీకి 28 అక్షరాలు. ఉర్దూకు అవి చాలవు. పే, చే, గాఫ్, టే, డాల్, నూన్ గున్నా, బడీ యే వంటివి అదనంగా కావాలి. కాబట్టి అరబీ లిపి ఉన్న ప్రతి ఫాంటూ ఉర్దూకు పనికిరాదు. అక్షరాలన్నీ ఉన్నా శైలి మారుతుంది. అరబీకి నస్ఖ్ శైలి, ఉర్దూ పాఠకుల కంటికి అలవాటైనది నస్తాలీఖ్.

జాబితాను భాషలవారీగా విడదీయడానికి కొన్ని సౌకర్యాలు ఇప్పటికే ఉన్నాయి. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో ఫాంట్స్ తెరిచి వివరాల వరుసలో చూస్తే ‘డిజైన్డ్ ఫర్’ అనే గడి ఉంటుంది. ఆ ఫాంటు ఏ లిపుల కోసం తయారైందో అందులో కనిపిస్తుంది. గూగుల్ డాక్స్‌లో ‘మోర్ ఫాంట్స్’ నొక్కి, ‘స్క్రిప్ట్స్’ దగ్గర తెలుగు ఎంచుకుంటే తెలుగు ఫాంట్లు మాత్రమే మిగులుతాయి. విండోస్ 10లో గౌతమి, వాణి కనిపించకపోతే అవి పోలేదు. సెట్టింగులలోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు అదనపు ఫాంట్లుగా ఉంటాయి. ఉర్దూ టైప్‌సెట్టింగ్ ఫాంటు కూడా అక్కడే, అరబీ లిపి ఫాంట్లతో దొరుకుతుంది.

ఆ తరువాతి పని మనది. ఒక కాగితంపై పట్టిక గీయండి. తెలుగుకు నిర్మల, మండలి. ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉర్దూ. అరబీకి అమీరి అని రాసుకోండి. ఒక్కో భాషకు రెండు ఫాంట్లు చాలు. ఏ ఫాంటునైనా పరీక్షించాకే పట్టికలో చేర్చాలి. తెలుగుకు ‘రాష్ట్రం, జ్యోత్స్న, స్త్రీ, అహ్మద్’ టైపు చేసి వత్తులు చూడండి. ఉర్దూలో ‘లడ్కే, టోపీ, డాక్, మాఁ’ టైపు చేస్తే అదనపు అక్షరాల సంగతి తేలిపోతుంది. అరబీకి జేర్, జబర్, పేష్, తష్దీద్ సరైన చోట కూర్చున్నాయో లేదో చూడాలి.

యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లను విడిగా పెట్టండి. అవి తెరపై తెలుగులా కనిపిస్తాయి గాని, కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలనూ గుర్తులనూ. యూనికోడ్‌లో తెలుగుకు 128, అరబీ లిపి ప్రధాన విభాగానికి 256 స్థానాలు కేటాయించారు. ఆ పద్ధతిలో టైపు చేసిన పేరును ఎన్నేళ్ల తరువాతైనా వెతకవచ్చు. పాత ఫాంటులో ఉన్న లబ్ధిదారుల జాబితాలో ఒక వితంతువు పేరు తెలుగులో టైపు చేసి వెతికితే దొరకదు. పోయిన ఏడాది ఆమెకు సాయం అందిందా లేదా తెలుసుకోవాలంటే పేజీలన్నీ తిరగేయాల్సిందే.

చివరగా, ఈ పట్టికను సాఫ్ట్‌వేర్‌లోనే స్టైల్స్‌గా దాచుకోవచ్చు. వర్డ్ తెలుగునూ, ఉర్దూ అరబీలనూ ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అనే ఒకే గడిలో కలిపేస్తుంది. అందుకే తెలుగు పాఠ్యం, ఉర్దూ పాఠ్యం, అరబీ ఆయత్ అని మూడు స్టైల్స్ వేర్వేరుగా చేసుకోవాలి. ఒక్కోదానికి ఫాంటు, భాష, రాత దిశ నిర్ణయించి టెంప్లేట్‌గా భద్రపరిస్తే, కొత్తగా వచ్చిన కార్యకర్త కూడా జాబితాలో తడుముకోనక్కరలేదు. ప్రెస్సుకు పంపేటప్పుడు ఫాంట్లు ఇమిడి ఉన్న పీడీఎఫ్ పంపండి.

ఎంత మంచి ఫాంటైనా మనిషి కంటికి బదులు కాదు. ఖుర్ఆన్ వాక్యం అచ్చుకు వెళ్లేముందు ఒక ఆలిమ్ గారు ముస్‌హఫ్‌తో సరిచూడాలి. పిల్లల పేర్లను వారి సర్టిఫికెట్లతో పోల్చుకోవాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఒక అక్షరం తప్పితే నష్టపోయేది ఆ బిడ్డే. అల్లాహ్ మన ఈ చిన్న శ్రమను స్వీకరించుగాక. ఆమీన్.