పసివారి కన్నీటిపై పరదా వేయకండి

 



కొన్నేళ్ల క్రితం ఇషా నమాజు తర్వాత ఒక తండ్రి తన తొమ్మిదేళ్ల కుమారుణ్ణి నా వద్దకు తీసుకువచ్చాడు. “మౌలానా, వీడు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు, పక్క తడుపుతున్నాడు. నజర్ తగిలినట్లుంది, దుఆ చదివి ఊదండి” అన్నాడు. నేను చదివి ఊది పంపించాను. ఆ పిల్లవాణ్ణి మాత్రం ఒక్క మాటైనా అడగలేదు. ఏడాది గడిచాక తెలిసింది, ఆ ఇంటికి వచ్చిపోయే ఒక బంధువు అతణ్ణి లైంగికంగా హింసిస్తున్నాడని. దుఆ చేయడంలో తప్పు లేదు. అడగకపోవడం నా తప్పు. అందుకే ఈ శుక్రవారం ఈ విషయం ఎంచుకున్నాను.

ఇలాంటి సంగతి బయటపడినప్పుడు మన ఇళ్లలో మొదట వినిపించే మాట “పరువు”. అమ్మాయి అయితే పెళ్లి కాదంటారు. అబ్బాయి అయితే నవ్వులపాలవుతాడంటారు. మైనారిటీలమైన మనకు మరో భయం కూడా ఉంది. ఇప్పటికే మనల్ని వేలెత్తి చూపేవారున్నారు, ఇది పత్రికలకెక్కితే జాతి అంతటికీ మచ్చ అంటారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ దాని మూల్యం చెల్లించేది ఎవరు? ఆ పసివాడే.

కొందరు దీనికి ధర్మం రంగు పులుముతారు. తోటి విశ్వాసి లోపాన్ని కప్పిపుచ్చేవాని లోపాలను అల్లాహ్ కప్పిపుచ్చుతాడన్న దైవప్రవక్త (స) బోధను ఉదహరించి, దీనిని పరదాపోషీ అంటారు. సోదరులారా, ఆ బోధ ఒక మనిషి తనకు తాను చేసుకున్న తప్పిదం గురించి, అతడు సిగ్గుపడి పశ్చాత్తాపపడే సందర్భం గురించి. ఇతరుల హక్కును కాలరాసినవానికి అది రక్షణ కాదు. పీడితునికే కాదు, పీడకునికీ సహాయపడమని, పీడకుని చేయి పట్టుకుని ఆపడమే అతనికి చేసే సహాయమని ఆ ప్రవక్తే (స) బోధించారు. సాక్ష్యాన్ని దాచవద్దని సూరా బఖరా ఆదేశిస్తుంది. తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకంగానైనా న్యాయం పక్షాన నిలబడమని సూరా నిసా ఆదేశిస్తుంది. సజీవంగా పూడ్చిపెట్టబడిన ఆడశిశువును, ఏ నేరానికి చంపబడ్డావని ప్రళయదినాన ప్రశ్నించడం జరుగుతుందని సూరా తక్వీర్ హెచ్చరిస్తుంది. ఆ రోజు ప్రశ్న బిడ్డను అడుగుతారు, సమాధానం మనం చెప్పుకోవాలి.

మన హైదరాబాదులోనే జరిగినది గుర్తు చేసుకోండి. 1991లో పాతబస్తీకి చెందిన ఒక పసి బాలికను, నికాహ్ పేరిట, ఆమె తాత వయసున్న సౌదీ దేశస్థునికి కట్టబెట్టారు. ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఆమె ఏడుస్తుండగా ఒక విమాన పరిచారిక గమనించింది, ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. అలా ఆ బాలిక విడుదలైంది. ఇంట్లోవారు, పెళ్లికి వచ్చినవారు అడగని మాట ఒక అపరిచితురాలు అడిగింది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి, బీహారు నుండి తెచ్చిన 200 మందికి పైగా బాలలను పోలీసులు విడిపించారు. ఆ గదులు ఉన్నది అడవిలో కాదు, మన ఇళ్ల నడుమనే.

దేశ చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు బాలబాలికలందరికీ వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలపడం విధి. దాచిపెడితే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవాని నేరాన్ని దాస్తే ఏడాది వరకు పడవచ్చు. మదర్సాలూ మస్జిదు కమిటీలూ దీనిని గుర్తుంచుకోవాలి. సదుద్దేశంతో సమాచారమిచ్చినవారికి చట్టం రక్షణ కల్పిస్తుంది. బిడ్డ పేరు, చిరునామా, ఫొటో ప్రచురించడం నేరం. వాంగ్మూలాన్ని బిడ్డ ఇంటివద్ద లేదా బిడ్డ కోరుకున్న చోట, యూనిఫారం లేని అధికారి నమోదు చేయాలి. రాత్రివేళ బిడ్డను ఠాణాలో ఉంచరాదు. పరువు పోతుందన్న భయానికి చట్టమే చాలావరకు జవాబిచ్చింది. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇక మన ఇళ్ల విషయం. పదేళ్లు వచ్చిన పిల్లల పడకలు వేరుచేయమని దైవప్రవక్త (స) బోధించారు. రోజులో మూడు ఏకాంత సమయాల్లో పిల్లలు సైతం అనుమతి కోరి లోపలికి రావాలని సూరా నూర్ నేర్పుతుంది. అంటే దేహానికి ఒక హద్దు ఉన్నదని బిడ్డకు చిన్ననాటి నుండే తెలియాలి. ఆ హద్దు దాటినవాడు మామయ్య అయినా, ఉస్తాద్ అయినా, ఇమామ్ అయినా ఇంట్లో చెప్పవచ్చని మీ నోటితో మీరే చెప్పండి. బిడ్డ చెప్పినప్పుడు కసరకండి, “నువ్వేం చేశావు” అని నిలదీయకండి. ముందు నమ్మండి. నిందితుణ్ణి పిలిపించి, నలుగురు పెద్దలు కూర్చుని, క్షమాపణ చెప్పించి పంపివేయకండి. అలా వదిలేస్తే అతడు రేపు మరో ఇంట్లో అడుగుపెడతాడు.

మక్తబ్‌లో పిల్లలను తలుపులు తెరిచి ఉన్న గదిలోనే చదివిద్దాం. ఒంటరిగా ఏ బిడ్డనూ ఏ ఉపాధ్యాయుని వద్దా ఉంచవద్దు. ఈ నియమం మొదట నాకే వర్తిస్తుంది. ఇకపై భయపడే బిడ్డను నా వద్దకు తీసుకువస్తే దుఆ చదువుతాను. ఆ తర్వాత, తల్లి పక్కనే ఉండగా, “నిన్ను ఎవరైనా బాధపెడుతున్నారా బిడ్డా” అని అడుగుతాను. మీరూ ఈ రోజు ఇంటికి వెళ్లి అడగండి.

ఓ అల్లాహ్! నీవు మాకు అమానతుగా ఇచ్చిన పసివారిని కాపాడు. గాయపడిన హృదయాలకు స్వస్థత ప్రసాదించు. సత్యం పలికే ధైర్యాన్ని మాకు అనుగ్రహించు. ఆమీన్.