సెలవుల్లో తాబేళ్ల కాపలా

వేసవి సెలవులంటే ఊటీ, అరకేనా? విశాఖ, సూర్యలంక, కోరింగ మడ అడవుల ఒడ్డున ఉన్న తీరాల్లో తిరగడంతోపాటు ఓ మంచి పనీ ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డెక్కి, ఒక్కోటి వందకు పైగా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కలు, నక్కలు వాటిని తవ్వి తినేస్తాయి. అందుకే అటవీ శాఖవాళ్లు, వాలంటీర్లు గుడ్లు ఏరి, కంచె వేసిన చోట ఇసుకలో మళ్లీ పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకు పొదుగుతాయి, అంటే మే దాకా పని ఉన్నట్టే. ఇసుక బాగా వేడెక్కితే పుట్టేవి దాదాపు అన్నీ ఆడవే, అదో విడ్డూరం!

సొంతంగా గుడ్లు ముట్టుకుంటే నేరం, ముందు అటవీ అధికారులను అడగాలి. తాబేలు పిల్లలు వెలుతురు వైపే పరుగెడతాయి. ఫోన్ లైటు వేస్తే సముద్రాన్ని వదిలి అటే వచ్చేస్తాయి. సెల్ఫీల సరదా ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే ఉంటే మేలు.