నీళ్ల గ్లాసు, మూడు వెల్లుల్లి పాయలు

గాజువాకలో ఒక గృహకూడికకు వెళ్లినప్పుడు ఆ ఇంటి తల్లి వంటగది తలుపు దగ్గరగా వేసేశారు. "అక్కడ చూడ్డానికేముందండీ, గిన్నెలూ తప్పేలాలూ తప్ప" అన్నారు. నాకు వెంటనే ఒక బొమ్మ గుర్తొచ్చింది.

దాన్ని గీసినవాడు షార్డాన్. పారిస్‌లో ఒక వడ్రంగి కుమారుడు (1699–1779). సుమారు 1761లో గీసిన ఆ చిత్రంలో ముఖ్యంగా కనిపించేవి: గాజు గ్లాసులో మంచినీళ్లు, ఒక మట్టి కాఫీ కూజా, మూడు వెల్లుల్లి పాయలు. మనుషులు లేరు, కథ లేదు. పరిమాణం కూడా గోడ క్యాలెండరంతే, 33 సెంటీమీటర్ల ఎత్తు, 41 వెడల్పు.

ఇలాంటి బొమ్మల్ని స్టిల్ లైఫ్ అంటారు. ఆనాటి ఫ్రెంచి అకాడమీ లెక్కలో బైబిలు, చరిత్ర ఘట్టాలది పై మెట్టు, గిన్నెలూ పండ్లదీ అట్టడుగు మెట్టు. 1728లో షార్డాన్‌ను చేర్చుకున్నది ఆ కింది మెట్టు మీదే.

మరి అందులో ఏం చూడాలి? తొందరపడకుండా చూడాలి, అంతే. గ్లాసు పైకి పోనుపోను వెడల్పవుతుంది, కూజా పైకి పోనుపోను సన్నబడుతుంది. ఒకటి వెలుగును తనలోంచి పోనిస్తుంది, ఒకటి ఆపేస్తుంది. నీటికి రంగు లేదు కదా, మరి దాన్ని గీయడమెలా? వెనకనున్న గోధుమరంగునే కాస్త మార్చి, అంచున ఒక తెల్లటి మెరుపు పెట్టాడు. దాహం వేసేంత నిజంగా ఉంటాయి ఆ నీళ్లు.

మన ప్రసంగీకులకు ప్రతి వస్తువులో ఛాయాసాదృశ్యం వెదికే అలవాటుంది (నాకూ ఉంది). ఇక్కడది అక్కర్లేదు. వెల్లుల్లి వెల్లుల్లే. మత్తయి 10:42లోని చన్నీళ్ల గురించి ఎన్ని ప్రసంగాలు విన్నామో! ఆ గిన్నెను ఒక్క నిమిషం చూసినవాళ్లం మాత్రం తక్కువ.

ఈ చిత్రం ఇప్పుడుండేది అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, ఉక్కు వ్యాపారి కార్నెగీ స్థాపించిన మ్యూజియంలో. అదీ మన విశాఖలాగే ఉక్కునగరం.

కూడిక ముగిశాక మంచినీళ్లడిగాను. ఆ తల్లి తలుపు తీశారు. స్టీలు గ్లాసు అందించారు. మన ప్లాంటులో తయారయ్యేవి కడ్డీలూ వైరు రాడ్లూ గానీ ఈ గ్లాసుల స్టీలు కాదు లెండి. ఆమె వెనక అరమీద సొట్టలుపడిన నాలుగు గిన్నెల టిఫిన్ క్యారేజీ ఉంది, తోమి బోర్లించి. ఆయన షిఫ్టులకు పట్టుకెళ్లినదట. ఆయన పోయి మూడేళ్లయింది. వారం వారం తోముతానన్నారు.